చలికాలంలో సంగీత వాద్యాలు పగలకుండా, శ్రుతి తప్పకుండా కాపాడుకోవడం ఎలా?

గిటార్ పైపలక చీలినా, క్లారినెట్ గొట్టం మీద వెంట్రుకంత పగులు కనిపించినా అందరూ ముందు చలిని తిట్టుకుంటారు. కానీ ఉత్త చల్లదనానికి వాద్యం పగలడం అరుదు. నష్టమంతా రెండు దారుల్లో వస్తుంది. హీటర్ నడిచే గదిలో గాలి ఎండిపోవడం ఒకటి. చల్లగా ఉన్న వాద్యం ఉన్నట్టుండి వేడెక్కడం, లేదా వెచ్చగా ఉన్నది ఉన్నట్టుండి చల్లబడటం రెండోది. కింద చెప్పే పనులన్నీ ఈ రెండింటిని అడ్డుకోవడానికే. చలేస్తుందేమో అని వాద్యాన్ని తెచ్చి హీటర్ పక్కన పెట్టడమంత చెరుపు మరొకటి లేదు.

గాలి ఎందుకు ఎండిపోతుంది, చెక్క ఎందుకు చీలుతుంది

బయట 0 డిగ్రీల సెల్సియస్, గాలిలో తేమ 80 శాతం అనుకుందాం. అదే గాలి ఇంట్లోకి వచ్చి 20 డిగ్రీలకు వేడెక్కితే తేమ సుమారు 20 శాతానికి పడిపోతుంది. అందులోని నీటి ఆవిరి ఎక్కడికీ పోలేదు. ఒక ఘనపు మీటరు గాలి 0 డిగ్రీల దగ్గర దాదాపు 4.8 గ్రాముల ఆవిరినే పట్టుకోగలదు, 20 డిగ్రీల దగ్గరైతే 17 గ్రాములకు పైగా పట్టుకుంటుంది. ఉన్న ఆవిరి అంతే, పట్టే చోటు మూడున్నర రెట్లు పెరిగింది. ఆ లోటును గాలి చుట్టూ ఉన్న వస్తువుల నుంచి లాక్కుంటుంది. మీ వీణ, వయొలిన్, పియానో కూడా ఆ వస్తువుల్లోవే.

తేమ 50 శాతం ఉన్న గదిలో చెక్కలో దాని పొడి బరువుకు సుమారు 9 శాతం నీరు ఉంటుంది. 20 శాతం తేమ ఉన్న గదిలో వారాల తరబడి ఉంచితే అది 4.5 శాతానికి దిగుతుంది. నార వెంబడి చెక్క దాదాపు కుంచించుకోదు. నారకు అడ్డంగా మాత్రం బాగా కుంచించుకుంటుంది. 40 సెంటీమీటర్ల వెడల్పున్న గిటార్ పైపలక ఈ మార్పుకు 2 మిల్లీమీటర్లకు పైగా తగ్గాలని చూస్తుంది. లోపల అడ్డంగా అతికించిన బద్దలకు నార అడ్డంగా ఉండదు, వాటి పొడవునా ఉంటుంది. కాబట్టి అవి తగ్గవు, పలకనూ తగ్గనివ్వవు. ఈ లాగుడులో ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ చీలుతుంది. పగుళ్లు ఎక్కువగా బ్రిడ్జి (పైపలక మీద తీగలను మోసే చెక్క) దగ్గరా, ఫ్రెట్‌బోర్డ్ (మెడ మీద వేళ్లు నొక్కే పలక) అంచు వెంటా రావడానికి కారణం ఇదే.

మొదటి పని: తేమను కొలవండి

అంచనాతో పని జరగదు. తేమను కొలిచే డిజిటల్ హైగ్రోమీటర్లు రెండు కొనండి. ఒకటి గదిలో వాద్యం ఉండే చోట, రెండోది కేస్ లోపల పెట్టండి. చవక రకాల్లో 5 శాతం వరకు తేడా మామూలే కాబట్టి వాడే ముందు ఉప్పుతో సరిచూసుకోండి.

1. సీసా మూతలో ఒక చెంచా ఉప్పు పోయండి. చుక్క చుక్కగా నీళ్లు కలిపి ముద్దలా చేయండి. ఉప్పు కరిగిపోకూడదు. కరిగిపోతే ఇంకాస్త ఉప్పు వేయండి.
2. ఆ మూతను, హైగ్రోమీటర్‌ను కలిపి గాలి చొరని జిప్ సంచిలో పెట్టండి. ఉప్పు పరికరానికి తగలకుండా చూడండి.
3. గది ఉష్ణోగ్రతలో 10 నుంచి 12 గంటలు కదపకుండా వదిలేయండి.
4. సంచి తెరవకుండానే అంకె చదవండి. లోపల తేమ 75 శాతం ఉంటుంది. పరికరం 71 చూపిస్తే, ఇకపై అది చూపే ప్రతి అంకెకూ 4 కలుపుకోండి. ఆ తేడాను వెనక చిన్న కాగితం మీద రాసి అతికించండి.

చెక్క వాద్యాలకు 40 నుంచి 60 శాతం మధ్య తేమ పర్వాలేదు. గిటార్ లాంటి పలచని పలకల వాద్యాలకు 45 నుంచి 55 ఉంటే ఇంకా మంచిది. 35కి దిగితే మేలుకోవాలి, 30 కన్నా తగ్గితే పగుళ్లు ఎప్పుడైనా రావచ్చు. అయితే ఒక్కరోజు అంకె తగ్గినంత మాత్రాన కంగారు పడొద్దు. చెక్క నెమ్మదిగా స్పందిస్తుంది. వారం పాటు ఏ అంకె దగ్గర నిలిచిందన్నదే లెక్క. అలాగే ఏడాదంతా 42 దగ్గర ఉండే గది, రోజూ 35కీ 60కీ మధ్య ఊగే గది కన్నా వాద్యానికి ఎంతో మేలు.

హీటర్ లేని ఇళ్లలో కథ తిరగబడుతుంది. 12 డిగ్రీల గదిలో తేమ 75, 80 దాకా ఎక్కవచ్చు. అక్కడ తీగలు బిగించే బిరడాలు బిగుసుకుపోతాయి, తోలు సడలుతుంది, తీగలకు తుప్పు, కేస్ లోపలి గుడ్డకు బూజు పడతాయి. తేమను పీల్చే సిలికా జెల్ సంచులు అలాంటి చోటే పనికొస్తాయి. పొడి గదిలోని కేస్‌లో అవే సంచులు వేస్తే ఉన్న కాస్త తేమనూ లాగేస్తాయి. కొత్త కేస్‌లో, సంచిలో వచ్చిన సిలికా జెల్ పొట్లాన్ని కొలత చూడకుండా అలాగే ఉంచేవాళ్లు చాలామంది.

రెండో పని: చోటు మార్చండి

ఖర్చు లేని పని ఇది, ఫలితమూ ఎక్కువే. హీటర్, రేడియేటర్, వేడి గాలి వచ్చే ఏసీ మూతి, ఎండ పడే కిటికీ: వీటికి కనీసం రెండు మీటర్ల దూరంలో వాద్యం ఉండాలి. బయటి గోడకు ఆనించొద్దు. ఆ గోడ లోపలి వైపు కూడా చల్లగా ఉంటుంది, వాద్యం వీపు ఒక ఉష్ణోగ్రతలో, ముఖం మరో ఉష్ణోగ్రతలో ఉంటాయి. గోడకు తగిలించిన గిటార్ చూడ్డానికి బాగుంటుంది. చలికాలం మూడు నాలుగు నెలలు మాత్రం దాన్ని దించి కేస్‌లో పెట్టేయండి. గదంతా 45 శాతం దగ్గర నిలపడం కష్టం, మూసిన గట్టి కేస్ లోపల నిలపడం తేలిక.

కింద నేల మీద కన్నా, పైన అటక మీద కన్నా నడుము ఎత్తులో ఉన్న అర మంచిది. వేడి పైకి చేరుతుంది, చలి కిందే ఉంటుంది.

మూడో పని: తేమ అందించండి

కేస్ లోపలికి మూడు మార్గాలున్నాయి. ఒకటి, రెండు వైపులా పనిచేసే తేమ ప్యాకెట్లు. లోపల పొడిగా ఉంటే తేమ వదులుతాయి, ఎక్కువైతే పీల్చుకుంటాయి. చెక్క వాద్యాలకు 49 శాతం అని ముద్రించినవి తీసుకోండి. గిటార్‌కు గుడ్డ సంచిలో రెండు ప్యాకెట్లు పైపలక మధ్యలోని గుండ్రటి రంధ్రం (సౌండ్‌హోల్) లోకి వేలాడదీసి, ఒకటి తలభాగం కింద పెట్టాలి. మెత్తగా ఉన్న ప్యాకెట్ గట్టిపడి లోపల పలుకులు తగిలితే పని అయిపోయినట్టే. బాగా పొడి గదిలో రెండు నెలలకే అయిపోవచ్చు.

రెండు, స్పాంజి రకం. సౌండ్‌హోల్‌లో దూర్చేవి, వయొలిన్ పైపలక మీది ఎఫ్ ఆకారపు రంధ్రంలోకి దించే సన్నటి రబ్బరు గొట్టాలు ఈ కోవలోవే. నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, బయటంతా పొడిగుడ్డతో తుడిచాకే లోపల పెట్టండి. ఒక్క చుక్క లోపల రాలినా పచ్చి చెక్క మీద మచ్చ, ఆ చోట ఉబ్బు తప్పవు. డిస్టిల్డ్ వాటరే వాడండి. కుళాయి నీటిలోని లవణాలు స్పాంజి రంధ్రాలను పూడుస్తాయి. మూడు నాలుగు రోజులకోసారి తడపాల్సి వస్తుంది. మరిచిపోయే అలవాటుంటే ఈ రకం జోలికి పోకండి.

మూడు, సొంతంగా చేసుకునేది. మూత ఉన్న సబ్బు పెట్టెకు పైవైపు మాత్రమే 10, 12 రంధ్రాలు చేసి, పిండిన స్పాంజి లోపల ఉంచి, కేస్‌లో మెడ కింద ఖాళీ చోట పెట్టండి. పనితనంలో కొన్నదానికి ఏమీ తీసిపోదు. కొందరు నారింజ తొక్కలు కేస్‌లో వేస్తారు. తేమ మాటేమో కానీ బూజు మాత్రం గ్యారంటీ.

పియానో, తంబురా లాంటి పెద్దవాటికి గదిలోకి తేమ వదిలే యంత్రం, అంటే హ్యుమిడిఫయర్ పెట్టక తప్పదు. నీటిని సన్నటి మంచులా చిమ్మే అల్ట్రాసోనిక్ రకంలో మామూలు నీళ్లు పోస్తే నీటిలోని ఖనిజాలు తెల్లటి పొడిగా అన్నిటి మీదా పడతాయి. నీళ్లు ఆవిరయ్యేలా తడి ఫిల్టర్ మీదుగా గాలి వదిలే రకానికి ఆ బాధ లేదు. ఏదైనా వారానికోసారి కడగాలి. బయట గడ్డకట్టే చలి ఉన్న రోజుల్లో 50 శాతం కోసం పట్టుబట్టొద్దు. కిటికీ అద్దాలకు నీళ్లు పట్టి గోడలు తడుస్తాయి. 40 దగ్గర నిలిస్తే చాలు.

నాలుగో పని: ప్రయాణంలో

- బయల్దేరే ముందు కారును లోపల వెచ్చబరచి, తర్వాత వాద్యం ఎక్కించండి. డిక్కీలో పెట్టొద్దు. అక్కడికి హీటర్ గాలి చేరదు, బయటి చలి అంతా చేరుతుంది.
- ఆపి ఉన్న కారులో వాద్యాన్ని వదిలి వెళ్లొద్దు, 15 నిమిషాలకైనా. దొంగల సంగతి అటుంచి, గాజు తలుపుల కారు చాలా తొందరగా చల్లబడుతుంది.
- గిటార్ తీగలను అర స్వరం నుంచి ఒక స్వరం దాకా దించండి. వయొలిన్ తీగలను అన్నిటినీ ఒకేసారి వదులు చేయొద్దు. తీగల ఒత్తిడే బ్రిడ్జినీ, లోపల రెండు పలకల మధ్య నిలిచే చిన్న పుల్లను (సౌండ్ పోస్ట్) కూడా నిలబెడుతుంది.
- వయొలిన్ కమాను వెంట్రుకలను పూర్తిగా సడలించండి.
- విమానంలో వీలైనంత వరకు చేతి సామానుగానే తీసుకెళ్లండి. క్యాబిన్‌లోనూ తేమ తరచూ 20 శాతం లోపే ఉంటుంది కాబట్టి కేస్‌లో తేమ ప్యాకెట్ తప్పనిసరి.

ఐదో పని: చల్లటి కేస్‌ను తెరవడం

అందరూ తప్పు చేసేది ఇక్కడే. హాలుకు చేరగానే శ్రుతి చూసుకోవాలన్న ఆత్రంలో కేస్ తెరిచేస్తారు.

గది 20 డిగ్రీలు, తేమ 50 శాతం ఉంటే, సుమారు 9 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ప్రతిదాని మీదా నీళ్లు పడతాయి. తీగల మీద, కీలకాల మీద, పికప్‌ల మీద, వార్నిష్ మీద. పైగా నైట్రోసెల్యులోజ్ లాకర్ పూసిన గిటార్ అయితే ఇంకో ప్రమాదం ఉంది. ఆ లాకర్ పెళుసు. కింద చెక్క, పైన పూత వేర్వేరు వేగాలతో వ్యాకోచించి, చూస్తుండగానే పూత మీద సాలెగూడులా సన్నటి గీతలు పాకుతాయి. మళ్లీ పోవు. పాలీయురేథేన్, పాలిస్టర్ పూతలు దీన్ని బాగా తట్టుకుంటాయి.

1. కేస్‌ను గది మధ్యలో, మూసే ఉంచి, నేల మీద కాకుండా కుర్చీ మీద పెట్టండి. హీటర్ దగ్గరకు తీసుకెళ్లొద్దు.
2. పలచటి సంచి అయితే కనీసం గంట, గట్టి కేస్ అయితే మూడు నాలుగు గంటలు ఆగండి. సున్నా కన్నా తక్కువ చలిలో గంటల తరబడి ఉండి వస్తే రాత్రంతా వదిలేయండి.
3. కేస్ లోహపు గొళ్లేన్ని చేత్తో తాకండి. చల్లగా తగిలినా, దాని మీద చెమ్మ కనిపించినా ఇంకా సమయం కాలేదు.
4. గొళ్లెం గది వేడికి వచ్చాక మూతను రెండు వేళ్ల మందాన ఎత్తి, సందులో చెయ్యి పెట్టండి. లోపలి గాలి చల్లగా ఉంటే మూసేసి మరో అరగంట ఆగండి.
5. తెరిచాక వెంటనే శ్రుతి చేయొద్దు. పది నిమిషాలు అలాగే ఉంచి, మెత్తటి గుడ్డతో తీగలు, లోహ భాగాలు తుడిచి, అప్పుడు మొదలుపెట్టండి.

కచేరీ ఉన్న రోజున ఈ సమయాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి. వాద్యం మీకన్నా రెండు గంటలు ముందు హాలు చేరేలా ఏర్పాటు చేసుకోవడం అతి కాదు.

వాద్యాన్ని బట్టి జాగ్రత్తలు

వయొలిన్, వయోలా, చెలో. పొడి గాలికి బిరడా, దాని రంధ్రం రెండూ కుంచించుకుని పట్టు వదులుతుంది. తీగ టక్కున జారిపోతుంది. శ్రుతి చేసేటప్పుడు బిరడాను తిప్పుతూనే లోపలికి నొక్కండి. అప్పటికీ జారితే ఒక్కో తీగా విప్పి, బిరడాకు పెగ్ పేస్ట్ (బిరడా జారకుండా పట్టు ఇచ్చే ముద్ద) రాసి, మళ్లీ ఎక్కించాకే రెండోదాని జోలికి వెళ్లండి. సుద్ద రాయడం పాత చిట్కా. తాత్కాలికంగా పట్టు ఇస్తుంది, కానీ రంధ్రాన్ని అరగదీస్తుంది. రాత్రికి రాత్రి బిరడాలన్నీ జారి బ్రిడ్జి పడిపోయిందా? వాద్యాన్ని మెల్లగా వంచి వినండి. లోపల చిన్న పుల్ల దొర్లిన చప్పుడు వస్తే సౌండ్ పోస్ట్ పడిపోయినట్టు. అది లేకుండా తీగలు బిగిస్తే పైపలక కుంగి చీలుతుంది. కాబట్టి అక్కడితో ఆపి మరమ్మతుకు ఇవ్వండి.

పైపలక, వెనక పలక పక్కలకు అతికిన జోడింపులు విడిపోవడం చలికాలంలో మామూలు. దానికి భయపడొద్దు. వయొలిన్‌కు జంతువుల తోలు, ఎముకల నుంచి తీసిన జిగురు వాడేది అందుకే. చెక్క చీలే ముందు జిగురు వదిలేయాలి. అంచు చుట్టూ వేలి కణుపుతో మెల్లగా కొడుతూ పోతే విడిన చోట చప్పుడు బోలుగా మారుతుంది. దీనికి సూపర్ గ్లూ వేస్తే, వచ్చే ఏడాది జోడింపు ఊడదు, పలకే చీలుతుంది.

కమాను వెంట్రుకలు పొడిలో పొట్టివవుతాయి. వెంట్రుకలు బిగించే మరను పూర్తిగా విప్పినా వెంట్రుకలు బిగుతుగానే ఉంటే కమానును అలా వదిలేయొద్దు. తల విరగొచ్చు. వెంట్రుకలు మార్పించండి.

గిటార్. అరచేతిని మెడ అంచు వెంట మెల్లగా జరపండి. ఫ్రెట్‌ల (మెడ మీది లోహపు మెట్లు) కొనలు గరుకుగా గుచ్చుకుంటే ఫ్రెట్‌బోర్డ్ చెక్క కుంచించుకుంది, లోహం కుంచించుకోలేదని అర్థం. ఎండుతున్న గిటార్ ముందుగా చెప్పే మాట ఇదే. తర్వాత పైపలక కుంగుతుంది, తీగలు ఫ్రెట్‌లకు దగ్గరై కరకరమంటాయి. అప్పుడు వెంటనే ట్రస్ రాడ్ (మెడ వంపును సరిచేసే లోహపు కడ్డీ) తిప్పడమో, శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీ) మార్చడమో చేయకండి. రెండు వారాలు తేమ సరిచేయండి, చాలాసార్లు దానంతట అదే యథాస్థితికి వస్తుంది. ముందే రాడ్ తిప్పితే తేమ వచ్చాక మళ్లీ తిప్పాలి. ఎలక్ట్రిక్ గిటార్ దిమ్మకు పెద్ద భయం లేదు, దాని మెడకు మాత్రం ఇదంతా వర్తిస్తుంది.

వీణ, తంబురా, సితార్. వీణ మెట్లు మైనంలో కూర్చి ఉంటాయి. చలికి మైనం పెళుసెక్కుతుంది. దెబ్బ తగిలితే పెచ్చులూడి మెట్టు కదులుతుంది. దాన్ని మెత్తబరచడానికి హెయిర్ డ్రయర్ పట్టకండి. మైనం ఒక్కచోట కరిగి మెట్టు దిగిందంటే స్వరస్థానమే మారిపోతుంది, మేళం కట్టేవారు మళ్లీ చేయాల్సిందే. సొరకాయ బుర్ర ఉన్న వాద్యాలను ఎత్తేటప్పుడు బుర్రను పట్టుకుని ఎత్తొద్దు. ఎండిన బుర్ర గుడ్డు పెంకులా సులువుగా చిట్లుతుంది.

వేణువు. వెదురు చీలితే నార వెంబడే, ఒక చివర నుంచి రెండో చివరకు చీలుతుంది. రెండు చివర్లా, రంధ్రాల మధ్యా బిగించి దారం చుట్టించడం మంచి రక్షణ. రెండు మూడు వారాలకోసారి లోపలా బయటా బాదం నూనె పలచగా పట్టించి, గంట ఆగి మిగిలింది తుడిచేయండి. కొబ్బరి నూనె వద్దు. 24 డిగ్రీల కన్నా చల్లబడితే అది గడ్డకడుతుంది, రంధ్రాల అంచుల్లో పేరుకుని స్వరాన్ని మారుస్తుంది.

క్లారినెట్, ఓబో, ఇతర చెక్క గొట్టాలు. అన్ని వాద్యాల్లోకీ వేగంగా పగిలేవి ఇవే. 35 డిగ్రీలకు దగ్గరగా ఉండే తడి ఊపిరి లోపలి గోడను వేడి చేసి ఉబ్బిస్తుంది, బయటి గోడ ఇంకా చల్లగానే ఉంటుంది. లోపల పెరగాలి, బయట పెరగనంటుంది. పగులు ఎక్కువగా పై ముక్కలో, ఒక రంధ్రం నుంచి మరో రంధ్రానికి పాకుతుంది. చల్లటి గొట్టంలోకి వేడి ఊపిరి ఊది వెచ్చబరచడం చాలామంది చేసే పని. సరిగ్గా చేయకూడనిదీ అదే. పై ముక్కను చంకలో గానీ కోటు లోపల గానీ పది నిమిషాలు ఉంచి బయటి నుంచి వెచ్చబరచండి. చేతికి చల్లగా తగలనప్పుడే ఊదండి.

కొత్త వాద్యమైతే మొదటి రెండు వారాలు రోజుకు 15 నిమిషాలకు మించి వాయించొద్దు, తర్వాత మెల్లగా పెంచండి. ప్రతిసారీ వాయించగానే గొట్టం లోపల గుడ్డ లాగి ఆరబెట్టండి. వాద్యాన్ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపండి. ముక్కల చివర్ల ఉన్న లోహపు ఉంగరాలు టిక్కుటిక్కుమంటే చెక్క ఎండి ఉంగరం వదులైంది. పగులు రాకముందే దొరికే హెచ్చరిక అది. నాదస్వరం, సన్నాయి లాంటి వాటికీ ఇదే పద్ధతి.

ట్రంపెట్, ట్రాంబోన్ లాంటి ఇత్తడి వాద్యాలు. పగుళ్ల భయం లేదు, కష్టమంతా శ్రుతితో, నీటితో. ధ్వని వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు, 10 డిగ్రీల దగ్గర 337. ఆ లెక్కన వాద్యం లోపలి గాలి 10 డిగ్రీలు చల్లబడితే 440 హెర్ట్జ్ స్వరం 432 దగ్గరకు దిగుతుంది. ట్యూనింగ్ స్లైడ్ (గొట్టం పొడవు మార్చే భాగం) లోపలికి నెట్టి సరిచేసుకోవచ్చు, అయితే దానికీ హద్దుంది. విరామాల్లో శబ్దం రాకుండా గాలి ఊదుతూ ఉంటే లోపలి గాలి చల్లబడదు. సున్నా దిగువన వాల్వుల్లో ఊపిరి నీరు గడ్డకడుతుంది. ఇరుక్కున్న వాల్వును బలవంతంగా నొక్కకండి, వెచ్చటి చోటుకు తెచ్చి కరగనివ్వండి. మౌత్‌పీస్‌ను జేబులో పెట్టుకోండి. గడ్డకట్టే చలిలో లోహానికి పెదవి అంటుకుపోతుంది, ప్లాస్టిక్ మౌత్‌పీస్ అక్కడ నయం.

మృదంగం, తబలా. పొడి చలిలో తోలు బిగిసి శ్రుతి పెరుగుతుంది. తబలా అయితే వాయించడం అయ్యాక చెక్క గట్టాలను సుత్తితో కాస్త పైకి కొట్టి వార్లను సడలించండి. తడి చలిలో తోలు సడలితే హీటర్ ముందు పెట్టే అలవాటు ఉంది. ఒకవైపే వేడి తగిలి తోలు అసమానంగా బిగుస్తుంది, నడిమి నల్ల మచ్చలో పగుళ్లు వచ్చి పెళ్లలుగా రాలుతుంది. దాని బదులు వెచ్చటి గదిలో గుడ్డ కప్పి గంట ఉంచండి. మృదంగం ఎడమ ముఖానికి పెట్టే రవ్వ ముద్ద పొడి గదిలో త్వరగా ఎండి ఊడుతుంది. పక్కన గిన్నెలో నీళ్లుంచుకుని మధ్యమధ్య తడి వేలితో అద్దండి. కచేరీ కాగానే గీకి తీసేయాలి, రాత్రంతా ఉంచితే తోలు నానుతుంది.

పియానో. చలికాలంలో సౌండ్‌బోర్డ్ (తీగల ధ్వనిని పెంచే పెద్ద చెక్క పలక) ఎండి కుంగి శ్రుతి దిగుతుంది, మధ్య స్థాయిలో ముందుగా తెలుస్తుంది. హీటర్ వేయడం మొదలైన వారంలోనే ట్యూనర్‌ను పిలవకండి, గది నిలకడకు వచ్చేందుకు మూడు వారాలైనా ఇవ్వండి. చోటు మార్చిన పియానోకూ అంతే. వాయించనప్పుడు మూత మూసి ఉంచండి.

కీబోర్డు, ఆంప్లిఫయర్, మైకులు. చలిలో నుంచి తెచ్చాక స్విచ్ వేయకండి. లోపల సర్క్యూట్ల మీద పట్టిన చెమ్మ ఆరడానికి రెండు మూడు గంటలు పడుతుంది. వాటి సంచులు కూడా మూసే ఉంచండి.

చలిలో ఆరుబయట వాయించాల్సి వస్తే

2009 జనవరి 20న వాషింగ్టన్‌లో బరాక్ ఒబామా ప్రమాణ స్వీకార వేదిక మీద పేరున్న వాద్యకారులు ఇట్జాక్ పర్ల్‌మన్ (వయొలిన్), యో యో మా (చెలో), గాబ్రియేలా మొంటేరో (పియానో), ఆంథనీ మెక్‌గిల్ (క్లారినెట్) వాయించారు. జనం స్పీకర్లలో విన్నది రెండు రోజుల ముందు రికార్డు చేసిన సంగీతం. ఆ గడ్డకట్టే చలిలో తీగలూ శ్రుతీ నిలవవని వాళ్లు ముందే తేల్చుకున్నారు. అంతటి వాళ్లే ఆ నిర్ణయం తీసుకున్నప్పుడు మీరు మొహమాటపడాల్సిన పని లేదు. 10 డిగ్రీల లోపయితే మంచి చెక్క వాద్యాన్ని బయటికి తీయకపోవడమే మేలు. ప్లాస్టిక్ క్లారినెట్, కార్బన్ ఫైబర్ చెలో, లేదా పోయినా బాధపడని రెండో వాద్యం తీసుకెళ్లండి.

తప్పదనుకుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. చలికి ఉక్కు తీగ చెక్క కన్నా ఎక్కువ కుంచించుకుంటుంది, కాబట్టి గిటార్ శ్రుతి పైకి ఎక్కుతుంది. ఊదే వాద్యాల శ్రుతి అదే సమయంలో కిందికి దిగుతుంది. లోపల కలిపిన శ్రుతి బయట రెండు వైపులా చీలిపోతుంది. అందుకే వేదిక మీదికి వెళ్లి పదిహేను నిమిషాలు వాద్యాలన్నీ అక్కడి చలికి అలవాటుపడ్డాకే, ఊదే వాద్యం ఇచ్చిన స్వరానికి తీగలను కలపండి. తీగలను దించుకోవచ్చు, గొట్టాన్ని మరీ పొట్టి చేయలేం.

పగులు వచ్చేసిందా?

తీగలను సగం దాకా సడలించండి. ఊదే వాద్యమైతే వాయించడం ఆపేయండి. పగులులోకి నూనె, జిగురు, మైనం ఏదీ పోయొద్దు. ఒకసారి నూనె ఇంకిన అంచుకు ఆ తర్వాత ఏ జిగురూ సరిగ్గా పట్టదు. వాద్యాన్ని మూసిన కేస్‌లో పెట్టి తేమను వారానికి 5 నుంచి 10 శాతం చొప్పున మెల్లగా పెంచండి. ఒక్కరోజులో 25 నుంచి 55కి తీసుకెళ్తే పైపొరలు ఉబ్బి లోపలి పొరలు పొడిగానే ఉంటాయి, కొత్త పగుళ్లు వస్తాయి. రెండు మూడు వారాల్లో చాలా పగుళ్ల అంచులు దగ్గరకు వస్తాయి. మూసుకున్నట్టు కనిపించినా అది అతికినట్టు కాదు, మరమ్మతు చేయించాల్సిందే. అంచులు దగ్గరగా ఉన్నప్పుడే అతుకు బాగా కుదురుతుంది కూడా.

మరమ్మతుకు ఇచ్చే ముందు పగులు పక్కన స్కేలు ఉంచి ఫొటో తీయండి. తేదీ, ఆ రోజు కేస్‌లోని తేమ శాతం రాసిపెట్టండి. పగులు ఇంకా పెరుగుతోందా, నిలిచిపోయిందా అన్నది పనివాడికి ఆ కాగితమే చెబుతుంది.